జెబెదయి వలలో కంత

కూకో. ఆ తట్ట మీద కాదురా, అందులో సేపలున్నాయి, ఇలగ ఇసకలో కూకో. ఏటీ, మీ ప్రభువే తండ్రిని ఒగ్గేసి రమ్మన్నాడు కదా ఎలీసమ్మ మామ్మా, నానెల్తే తప్పేటి అంటన్నావా. బాగున్నాది పరంజ్యోతీ. ఆదివారం బడికి ఏనాడూ రానోడివి, ఈ ఒక్క ముక్కా గట్టిగా పట్టుకున్నావు. మరి ఆ ఒగ్గేసిన తండ్రి పేరేటో సెప్పు సూద్దాం. ఊఁ, తెలీదు. కొండలెక్కే తొందరలో తండ్రుల పేర్లెవుడికి గురుతుంటాయి. జెబెదయి, బాబూ. గలిలయ సముద్రం కాడ మనిసి. సముద్రమని పేరే గాని మంచినీళ్ళ సెరువట. సొంత పడవ, కూలోళ్ళు, ఇద్దరు కొడుకులు, యాకోబు, యోహాను. మన కళింగపట్నం రేవులో మీ అయ్య అబ్రహాం పక్కన కూకోబెడితే ఎవుడు ఎవుడో పోల్చలేవు. పొద్దల్లా కూకున్నా నోట్లోంచి మాట రాలదు.

ఆ పొద్దు తండ్రీ కొడుకులు పడవలో వల బాగుసేస్తన్నారు. ప్రభువు ఒడ్డెంట నడిసొచ్చి, రండి అన్నాడు. అంతే. యోహాను గుంటడు సిరిగిన కాడ పాత నూలు కోసి, కంత పెద్దది సేసి, సూది అక్కడే దిగేసి లేసిపోనాడు. యాకోబూ ఆడెనకే. జెబెదయికి పిలిసినాయన మీద కోపం రానేదు. కంత ముయ్యకుండా ఎల్లిపోనాడేటని మాత్రం మండింది. ఎవుడు తెరిసిన కంత ఆడే, ఆ సూదితోనే ముయ్యాల. ఇంకోడు ముడేసినాడంటే ఆ మనిసి ఇంక తిరిగొచ్చి పడవెక్కడనే లెక్క. అది మన రేవు కట్టుబాటు కదా మామ్మా, ఆళ్ళకెక్కడిది అంటావా. ఉండకపోతే నాకేటి, కత నాది. మీ తాత సముద్రంలో పోనప్పుడు ఆయన కంత మీ అయ్యే మూసినాడు. ఒక్కో ముడికి ఆగి ఏడిసినాడు. నువ్వప్పటికి పుట్టనేదు.

కూలోళ్ళు జెబెదయిని ఆడిపోసుకున్నారు. ఏటి పెద్దాయనా, సేపలు ఎల్లిపోడానికి గుమ్మం ఎట్టినావేటి, మూసెయ్యి, నేదా మమ్మల్ని ముయ్యనీ, అని. ఈయన వినిపించుకోనేదు. ఆ పెద్ద వల మడతెట్టి మూలనెట్టి, సిన్న వలతో ఒడ్డు ఒడ్డునే తిరిగి, దొరికిన పరిగె సేపలతో కాలం ఎళ్ళదీసినాడు. ఆళ్ళావిడ సలోమె అయితే కొడుకుల ఎనకాలే ఎల్లి, నీ రాజ్యం వస్తే నా కొడుకుల్ని కుడిపక్క ఒకణ్ణి, ఎడంపక్క ఒకణ్ణి కూకోబెట్టు బాబూ అని ప్రభువుని అడిగినాదట. ఏల నవ్వుతావు. మీ యమ్మ సీతమ్మ కూడా మొన్న నన్నడిగినాది, ఆ కొండల మీద సంగపోళ్ళ రాజ్యం వస్తే మావోడు తాసిల్దారవుతాడా అని.

కొడుకులూ తక్కువోళ్ళు కారు. ఉరుము కొడుకులని పేరు. ప్రభువుకి సోటియ్యనేదని ఊరికి ఊరే అగ్గెట్టి తగలేద్దామన్నారు, ఆయన సీవాట్లెట్టినాడు. నీ మాటలింటే ఆళ్ళే గురుతొస్తారు. మొన్న నువ్వు పిడికిలెత్తి వర్ధిల్లాలి అంటే అదిరిపోయి మా కోడిపెట్ట గుడ్డెట్టడం మానేసినాది. తప్పన్నానేటి నాను. సవరోడు కొండ దింపుకొచ్చిన సింతపండుకి సావుకారు గుప్పెడు ఉప్పిచ్చి గెంటేస్తే నాకూ మండుతాది. ఎల్లొద్దని నానన్నేదు.

మరేటి, ఆయన్ని సిలువేసేసినారు. ఆ కబురొచ్చినాది గాని, కొడుకులున్నారో పోనారో ఎవుడూ సెప్పనేదు. ఆ పొద్దు జెబెదయి మూలనున్న పెద్ద వల తీసినాడు. కొడుకు దిగేసిన సూది తీసి, నూలెక్కించి, కంత కాడికి తెచ్చినాడు. ముడెయ్యబోనాడు, ఒరే. సెయ్యి రానేదు. సూది బొడ్లో దోపుకుని, ఆ కంతలోంచి నీళ్ళకేసి సూస్తా కూకున్నాడు. కొన్నాళ్ళకి గుంటలిద్దరూ వొచ్చినారు, నేస్తగాడు సీమోనుతోటి. గెడ్డాలు మాసిపోయి, కడుపులు మాడిపోయి, తలెత్తనేదు. సేపలకెల్తామయ్యా అన్నారు. ఎక్కడికెల్లినారనీ, ఏటి తెచ్చినారనీ జెబెదయి అడగనేదు. సూది తీసి యోహాను సేతిలో ఎట్టినాడు. ముందు నీ కంత నువ్వు ముయ్యి, అన్నాడు.

మూసినాడు. అప్పుడెల్లినారు. తెల్లారేక, సమాధిలోంచి లేసొచ్చినాయన ఒడ్డున నిలబడి వల అటేపు వెయ్యండి అంటే, లాగలేనన్ని పడ్డాయి. వల సిరగనేదని గుళ్ళో అయ్యగారు సదివినప్పుడల్లా అందరూ ఇడ్డూరపడతారు. ఎందుకు సిరుగుతాదని నానక్కడే గొణుక్కుంటాను.

నీ సంగతంటావా. రాజాంలో మీటింగని నువ్వు సగం కోసి ఎల్లిపోనావు సూడు, మీ అయ్య వలలో ఆ కంత అలగే ఉన్నాది. సూది నానే తీసి దాసినాను. ఇయ్యాల పొద్దుట మీ అయ్య వొచ్చి, సిన్నమ్మా, ఆ సూది ఇలగియ్యి అన్నాడు. దేనికిరా అబ్రహాం అంటే మొకం తిప్పుకున్నాడు. నానియ్యనేదు. ఇదిగో, నా బొడ్లోనే ఉన్నాది.

గాలి తిరిగినాది సూడు. సినుకొచ్చేలాగున్నాది. లే, బేగి ఆ ఆరేసిన ఎండుసేపలు తట్టకెత్తు.