లేని పాదం మంట

కృత్రిమ కాళ్లు బిగించే గది. కలప మిల్లు యజమానికి, ఒకప్పుడు ఆయన దగ్గర వేలు పోగొట్టుకున్న పనివాడు కొలతలు తీస్తున్నాడు.

“పాదం మండిపోతోందిరా.”

“ఏ పాదమండీ?”

“మొన్న కోసేసిందే.”

“లేని పాదానికి మంటేమిటి? పని ఎగ్గొట్టే నాటకాలు.”

“ఏం మాటలురా అవి?”

“తమరివే. రంపానికి తెగిపోయిన వేలు ఇంకా నొప్పెడుతోందంటే, అందరిముందూ ఇలాగే అని గెంటేశారు.”

“అప్పుడు నాకేం తెలుసు?”

“తెగిన నరం మెదడుకి కబుర్లు పంపుతూనే ఉంటుంది. మెదడు నమ్ముతుంది. తమరే నమ్మలేదు.”

“దీనికి మందు లేదా?”

“అద్దముంది. ఉన్న కాలిని అందులో చూస్తూ ఆడిస్తే, రెండూ ఉన్నాయనుకుని మెదడు చల్లబడుతుంది.”

“తీసుకురా మరి.”

“తమర్ని మోసుకొచ్చిన మిల్లువాళ్లు బయటున్నారు. పిలుస్తాను. అప్పటి నా వేలి నొప్పి నిజమేనని వాళ్లతో చెప్పండి.”

“ముందు అద్దం తే, తర్వాత చెబుతాను.”

“ముందు మాటండీ, తర్వాతే అద్దం. బేరమాడటం తమరి దగ్గరే నేర్చుకున్నాను.”