వెనక బెంచీకి రెండు ప్రశ్నలు

భిలాయి, 1994. ఓ తెలుగు బడిలో హెడ్మాస్టరు నరసింగరావు గది. తెలుగు టీచరు కుముదిని కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏడుగురు పిల్లల నోళ్ళు నొక్కేసి, పైగా వాళ్ళకి తెలుగు రాదని రాసి బయటికి తోసేస్తన్నారు! సిగ్గనిపించట్లేదా మీకు?"

"మెల్లగా, మేడమ్. తెలుగు టీచర్లు ముగ్గురూ కలిసిచ్చిన లిస్టది. మీరూ సంతకం పెట్టారు."

"పెట్టాను. బుద్ధి లేక."

"సాయంత్రం కమిటీకి పంపేస్తాను. సోమవారం నుంచి వాళ్ళు హిందీ బడికి. బస్, అంతే."

"ఎక్కడి పిల్లలో చూశారా?"

"రోజుకి ముప్పై సంతకాలు పెడతాను. ఎవరెవరని చూస్తాను?"

"అందరూ జాముల్ వాళ్ళే. సిమెంటు ఫ్యాక్టరీ కాంట్రాక్టు కూలీల పిల్లలు."

"అయితే ఏటి? నోరు విప్పరు కదా."

"విప్పమని అడిగిందెవరు? ఇదిగో నోటుబుక్కు. ఒక తెలుగు క్లాసులో ఇరవై రోజులు టేపు పెట్టి, ఇంటికెళ్ళి విని, ఏ ప్రశ్న ఎవర్ని అడిగారో రాశాను. మొత్తం మూడొందల పన్నెండు. ముందు బెంచీల్లో సెక్టర్ 2 స్టీల్ ప్లాంటు క్వార్టర్ల పిల్లలకి మూడొందల పది. వెనక బెంచీ జాముల్ పిల్లలకి రెండు."

"రెండైనా అడిగారు కదా!"

"అడిగారు. ‘కిటికీ మూస్తావా?’ ‘సుద్దముక్క తెస్తావా?’"

"ఆగండాగండి. టేపా? ఎవరి క్లాసులో? దిమాగ్ ఖరాబైందా మీకు?"

"ముందు లిస్టు ఆపండి."

"ముందు పేరు చెప్పండి. గురునాథరావే కదా? పాఠం మధ్యలో కునుకు తీస్తాడు, నాకు తెల్సు."

"ఆయన ఊసెత్తకండి."

"అయితే రజనీకుమారి! మొన్నే అనుకున్నాను. ఇదిగో మెమో కాయితం. పేరు రాయండి, ఇవాళే ఇచ్చేస్తాను."

"మాట తప్పరు కదా?"

"తప్పను. రాయండి."

"రాశాను. చదవండి."

"కుము... ఏటిది? ఇది మీ పేరండీ!"

"నా క్లాసే. కిటికీ మూస్తావా అన్నది నా గొంతే. టేపు వినేదాకా నా అంత మంచి టీచరు లేదనుకున్నాను. మెమో ఇవ్వండి, తీసుకుంటాను. కానీ లిస్టు నా కళ్ళముందే చింపండి. సోమవారం ఆ పిల్లలు మొదటి బెంచీలో కూర్చోవాలి. మీరు వెనక బెంచీలో కూర్చుని నేను ఎవర్ని ఏమడుగుతున్నానో రాయాలి. చింపండి, సార్. ఇప్పుడే!"