గొట్టాలు కోసింది నేనే

నా వయసు యాభై రెండు. పని, పడవల ఇంజన్ల మరమ్మతు. రేవు పక్కనున్న రేకుల షెడ్డులో పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. నా మీద మీ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చినవాడు నా సొంత మరిది. అతను జెట్ స్కీలు, అంటే నీళ్ల మీద నడిపే బండ్లు, అద్దెకిస్తాడు. ఇంట్లో మాటామాటా వచ్చిన కక్షతో అతని బండి ఆయిల్ గొట్టాలు నేను కోసేశానని, దాంతో ఆయిల్ అందక ఇంజన్ బిగుసుకుని పట్టేసిందని ఆరోపణ. అదే నిజమైతే షెడ్డు తాళంచెవి తీసేసుకుంటానని రేవు సూపర్‌వైజర్ నిన్న చెప్పాడు. షెడ్డు పోతే నేను పోయినట్టే.

గొట్టాలు కోసిన మాట నిజం. కోసింది నేనే. మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు పని మొదలుపెట్టాను. మరిదే సర్వీసుకు తెచ్చి ఇచ్చిన ఆ బండికి పద్దెనిమిదేళ్లు. ఆయిల్ ట్యాంకు నుంచి పంపుకు ఒక గొట్టం, పంపు నుంచి ఇంజన్‌కు రెండు సన్న గొట్టాలు ఉంటాయి. మూడూ ఎండుపుల్లల్లా బిగుసుకుపోయాయి. పట్టి లాగితే పంపు ముక్కు విరిగి చేతికొస్తుంది. అందుకే బ్లేడుతో నిలువునా చీల్చి తీశాను. ఎప్పుడూ అలాగే తీస్తాను. నా చెత్తడబ్బాలో మరిదికి దొరికిన ముక్కలు అవే. నిధి దొరికినట్టు వాటిని సంచిలో వేసుకుని స్టేషన్‌కు తెచ్చాడు.

లోపల ఆయిల్ కనిపించే కొత్త గొట్టాలు వేశాను. స్క్రూ క్లిప్పులు సన్న గొట్టాన్ని కొరికేస్తాయి కనుక స్ప్రింగు క్లిప్పులు పెట్టాను. మొత్తం ఆరు. పంపు మర వదులు చేసి, ఒక్క బుడగ కూడా మిగలకుండా గాలి తీశాను. పన్నెండు గంటలకు బండి అప్పగించాను. బుధవారం మరిది దాన్ని ఎక్కితే రేవు దాటకముందే ఆగిపోయిందట.

ఈరోజు పదకొండు ఇరవైకి తమరు, సూపర్‌వైజర్, మరిది చూస్తుండగా బండి మూత తీశాను. గొట్టాల నిండా ఆయిల్ ఉంది. ఆరు క్లిప్పులూ కదల్లేదు. ఎలా ఆగిందని మరిదిని అడిగితే, ఉన్నట్టుండి టక్కున ఆగిందన్నాడు. రేవుకు కట్టే తాడు విప్పి లోపల పెట్టావా అని అడిగాను. అతను ఆకాశం కేసి చూశాడు.

బండిని ఎక్కించిన ట్రాలీ కింద వెల్లకిలా పడుకుని, నీళ్లు పీల్చే జాలీలోకి చెయ్యి పోనిచ్చాను. తాడు తగిలింది. నీళ్లను వెనక్కి నెట్టి బండిని నడిపే ఫ్యాన్ రెక్కలకూ ఇరుసుకూ చుట్టుకుని ఉంది. కోసి లాగాను. కొలిస్తే ఏడు మూరలు. ఇరుసు తిరగకపోతే ఇంజన్ తిరగదు. పట్టేసిందనుకోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. మా మరిది ఈ వ్యాపారంలోకి వచ్చి పదేళ్లయింది.

బండిని నీళ్లలోకి దింపి మీట నొక్కాను. మొదటి నొక్కుకే అందుకుంది. రేవంతా పొగ. ఇంజన్‌కు ఆయిల్ అందుతోందనడానికి ఆ పొగే సాక్ష్యం. నాకు పట్టరాని సంతోషం కలిగింది. అది కూడా రాయమని కోరుతున్నాను.

మరిది దగ్గరకొచ్చి, "వదినా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు.

"ఇల్లెక్కడికీ పోదు. ఇక్కడ, ఇంతమందిలో చెప్పు," అన్నాను.

"తప్పు నాదే. వదిన పని సరిగ్గానే చేసింది," అన్నాడు. సరిగా వినబడలేదన్నాను. రెండోసారి గట్టిగా చెప్పాడు. అవతలి ఒడ్డు వాళ్లు కూడా తిరిగి చూశారు. సూపర్‌వైజర్ తాళంచెవి మాట ఎత్తలేదు. తన పడవలు మూడు మొరాయిస్తున్నాయని, ఎప్పుడు తెమ్మంటావని అడిగాడు.

ఇదంతా నేను చెప్పగా రాశారు, చదివి వినిపించారు. ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. షెడ్డు తెరవాల్సిన వేళయింది కనుక ఇంతటితో సంతకం చేస్తున్నాను.

(సంతకం)
పడవల మెకానిక్
మధ్యాహ్నం ఒంటిగంట పది