అమావాస్య ముందు రోజు

(మలావీలో మ్జింబా దగ్గర ఒక పల్లె. వంటపాక ముందు, పల్లెలు తిరిగే నర్సు సిస్టర్ జెరె, ఎస్నాట్, ఎస్నాట్ తొమ్మిదేళ్ళ కూతురు లుసుంగు.)

“మాత్రల డబ్బా నిండుగా ఉందేంటి ఎస్నాట్?”

“ఉంది సిస్టర్. కూర్చోండి. చిలగడదుంపలు ఉడికాయి, తింటారా?”

“దుంపల సంగతి తర్వాత. పోయిన నెల ఇచ్చినవి, ఒక్కటీ తగ్గలేదు.”

“వేస్తూనే ఉన్నా... వేశాను. మానేశాను.”

“మానేశావా! ఫిట్స్ రావట్లేదా?”

“ఎందుకు రావు? నిన్న రెండుసార్లు.”

“మరి?”

“ఇంకేం మరి సిస్టర్. అయిపోయింది. ఇక దానికి నయం కాదు. దాన్ని నిప్పు తాకింది.”

“ఏదీ? లుసుంగూ, ఇలా రామ్మా. మెల్లగా, ఆ కాలు జాగ్రత్త. చేతి గుడ్డ విప్పనీ... అయ్యో తల్లీ! చీము పట్టింది కదే! ఎప్పుడైంది?”

“పోయిన అమావాస్య ముందు రోజు. నేను పిండిమరకెళ్ళా. వచ్చేసరికి పొయ్యి దగ్గర పడుంది. ఫిట్స్ వచ్చి నిప్పుల్లో పడింది.”

“ఆసుపత్రికి తీసుకురాలేదేం?”

“తెచ్చి ఏం లాభం? నిప్పు తాకితే మూర్ఛ లోపలే పాతుకుపోతుందంట. నాటువైద్యుడే చేతులెత్తేశాడు. ప్రతి అమావాస్యకీ తీసుకెళ్ళేదాన్ని. తల మీద బ్లేడుతో గాట్లు పెట్టి మసి రుద్దేవాడు, పొగ పట్టించేవాడు. ‘ఇక తీసుకురావద్దు’ అనేశాడు. తొమ్మిదేళ్ళు మోశా సిస్టర్. అలిసిపోయా.”

“పిచ్చిదానా! నీ కాన్పుకి నేనున్నానా లేదా? రెండు రోజులు నొప్పులు పడ్డావు. పిల్ల నీలంగా పుట్టింది, ఏడవలేదు. ఊపిరందక ఆ పూటే మెదడు దెబ్బతింది. కుడిచెయ్యి ముడుచుకుపోయిందీ, కాలు ఈడుస్తోందీ, ఫిట్స్ వస్తోందీ అందుకే. చర్మం కాలితే మెదడుకేం? మాత్రలు ముందులాగే పనిచేస్తాయి.”

“నిజంగా? ఒట్టు?”

“ఒట్టు. మాత్రలు వేసినప్పుడు నెలకొకసారి వచ్చేవి. ఇప్పుడు రోజుకి రెండు. చూస్తున్నావుగా.”

“అయితే... అయితే ఆశ ఉందన్నమాట! మా ఆయనకి చెప్తా. ఆ నాటువైద్యుడి కాళ్ళు పట్టుకునైనా మళ్ళీ మొదలుపెట్టిస్తా, రేపే...”

“వద్దమ్మా!”

“నువ్వూరుకోవే లుసుంగూ. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే.”

“ఉండు ఎస్నాట్. ఇటు చూడు. నిప్పుల్లో పడితే మొహం కాలాలి, ఛాతీ కాలాలి. ఇది మణికట్టు దాకానే, గీత గీసినట్టు... లుసుంగూ, నాతో చెప్పు తల్లీ. ఫిట్స్ వచ్చి పడ్డావా?”



“సిస్టర్‌కి చెప్పవే. పడ్డావుగా?”

“పడలేదమ్మా. నిప్పు తాకినవాళ్ళని ఆ వైద్యుడు ముట్టుకోడని నువ్వేగా అవ్వతో అన్నావు. ఈ చెయ్యి ఎలాగూ పనిచెయ్యదుగా... అందుకని ఇదే పెట్టాను.”