సారె మోసిన రేసు బండి

ఏట్రా చింటూ, ఆ షెడ్డులో ఉన్నది కారేనా అంటావేటి? కారు కాదు, రేసు బండి. నవ్వకు... నవ్వితే నవ్వులే, కూర్మన్నపాలెం అంతా నవ్వీసింది, నువ్వొక్కడివే మిగిలావు. పాత ఇనుం వోడికి ఇచ్చీసి రమ్మని మీ అమ్మ పంపిందా? ఇచ్చీండి, నాకేటి. కూకో ముందు. ఆ స్టూలు మీద కాదురా, దాని కాలు ఊగుతాది. అదీ మీ తాత సేసిందే.

మీ తాత ఎల్లారావు, మా సెల్లి మొగుడు, నాకు బావ. నువ్వు పుట్టకముందే ఎల్లిపోనాడు, నీకేటి తెలుసు. స్టీల్ ప్లాంటులో క్రేను నడిపీవోడు. అంటే పైన గదిలో కూకుని, సలసలా కాగే ఇనుం ఉన్న పెద్ద గంగాళాన్ని ఈ సివర్నించి ఆ సివరికి నత్తలాగ తీసుకెల్లడం. ఊగకూడదు, తొణక్కూడదు, కింద మనుషులుంటారు గదా. జల్మంతా అలాగ నడిపినోడికి రిటైరయ్యాక రేసు పిచ్చి పట్టుకుంది! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు. "బావా, రేసులు కోటీశ్వర్లకేనేటి? సవగ్గా నాను సేస్తాను సూడు. ఆదివారం రేసు, సోమారం సంత. అన్నింటికీ ఒకటే బండి" అనీవోడు. అన్నింటికీ పనికొచ్చీది దేనికీ పనికిరాదు బావా అన్నాను నాను. ఇంటాడా? ఇంటే ఎల్లారావెందుకవుతాడు.

ఎవుడో వొదిలీసిన పాత కారు ఒకటి ఈడ్చుకొచ్చాడు. లోపల నీళ్ళ పైపులు వొంచి పంజరంలాగ కట్టాడు, బోల్తా కొట్టినా తల పగలకుండా. డ్రైవరు సీటేటో తెలుసా? పూర్ణా మార్కెట్ కాడ మంగలి షాపు మూసీత్తంటే ఆ కుర్సీ తెచ్చి బిగించీసాడు. అందులో కూకుంటే మనకే గెడ్డం గీయించుకోవాలనిపించీది! ఎనక సీటు మరలు తిప్పితే వచ్చీది, తిప్పితే ఎక్కీది. రేసప్పుడు తీసీడం, పేరంటానికి పెట్టీడం. రేసు బళ్ళోళ్ళందరూ బరువని లైట్లు పీకీసేవోరు, ఈయన పీకడు. "రోడ్డు మీద తిరగాల గదా బావా, ఎనకోడికి బ్రేకు లైటు కనపడొద్దా?" అని. ఇక మొదలు... మీ అమ్మమ్మ బియ్యం బస్తాలు, పక్కింటోళ్ళ గేసు బండలు, హార్బరు నించి ఎండుసేపలు. ఆ బండి రాకముందే కంపొచ్చీది. అయినా మనిషి కల మానలేదు. రేసు గెలిత్తే కప్పొత్తాదని షోకేసులో మీ అమ్మమ్మ బొమ్మలు తీసీసి మద్దిలో సోటుంచాడు. ఒక్కపాలి గెలవాల, ఆ సోట్లో కప్పెట్టాల, అదొక్కటే ఆడి కోరిక.

పరవాడ దగ్గర కాళీ జాగాలో మట్టి రేసు పెట్టారు. ముందు ఆదివారం వానపడిపోయి వాయిదా పడిపోనాది. తరవాతాదివారం ఏటో తెలుసా? మీ అమ్మకి శ్రావణం సారె! పెళ్ళయ్యాక మొదటి సారె, పంతులుగారు ముహూర్తం పెట్టీసారు. లడ్లు, అరిసెలు, సలిమిడి, గంపల్తో జంతికలు. రేసుంది గదా, సారె రేపట్టుకెల్దాం అన్నాడు మీ తాత. మా సెల్లి రామలక్ష్మమ్మ నడుం మీద సెయ్యేసుకుని, "అన్నింటికీ పనికొత్తాదని ఊరంతా డప్పేసావు గదా? కూతురి సారెకి పనికిరాదేటి నీ బండి?" అంది. అంతే, మగానుబావుడు గంపలన్నీ బండిలోకెక్కించీసాడు.

పరవాడ మీ నాన్నమ్మ ఇంటికెల్లే దార్లోనే గదా, రేసు ఆడీసి ఎల్దాం అనుకున్నారు. ఆడవాళ్ళందరూ ఆటోలో, సారె బండిలో. అక్కడికెల్లాక గంపలు దించబోతే మా సెల్లి కేకేసింది. "సారె దార్లో దింపకూడదు! బండీ మార్సకూడదు! ఆడపిల్ల కాపరం మద్దిలో ఆగిపోద్ది!" అని. మనుషులు దిగొచ్చంట, జంతికలు దిగకూడదంట! మీ తాత గంపలన్నీ సీరల్తో ఆ పైపులకి కట్టీసాడు. రేసోళ్ళ కుర్రోడొకడు కాయితం పట్టుకొచ్చి "ఎనకాల ఏటండి అది?" అంటే, "బేలన్సు, నాయినా" అన్నాడు. ఆ కుర్రోడికి ఏటి తెలుత్తాది, రాసీసుకున్నాడు.

జెండా ఊపారు. ఓర్నాయనో! మంగలి కుర్సీలో మనిషి కాదురా, బాణం! పెద్దింటి కుర్రోళ్ళ బళ్ళన్నీ ఎనకే. నాను ఆకరి మలుపు కాడ నిలబడ్డాను. నా నోట్లో దుమ్ము, అయినా అరిసీత్తన్నాను, "కొట్టు బావా కొట్టు" అని. మలుపు దాటగానే పెద్ద మిట్ట. అందరూ దాని మీద ఎగిరి పడిపోవడమే. ముందొచ్చింది మీ తాత. మిట్ట కాడికొచ్చి, ఏటయిందో... బండి నీరసపడిపోయి నత్తలాగ ఎక్కి, నత్తలాగ దిగింది. మిగతావోళ్ళంతా అటూ ఇటూ నించి ఎల్లిపోనారు. మావోడు ఆకరు. జనం ఒకటే నవ్వు.

అక్కణ్ణించి మీ నాన్నమ్మ ఇంటికి. గంగాభవాని గారు... ఏటనుకోకు, మీ నాన్నమ్మైనా సెప్పాల్సిందే. పెళ్ళిలోనే లడ్డూ తుంచి సూసి, "గుళ్ళో ప్రసాదమేటి, ఇంత సిన్నది?" అన్న మనిషి. సారెలో ఏటైనా తేడా వొచ్చుంటే జల్మంతా మీ అమ్మని దెప్పీసేది. గంపల మూతలు తీసి ఒక్కొక్కటీ సూసింది. ఒక్క జంతిక ఇరగలేదు. ఏ వొంకా దొరక్క మీ తాత వైపు తిరిగి, "ఏటన్నయ్యా, ఇంత నిదానంగా వచ్చారు, ఎండెక్కిపోనాది?" అంది. రేసరుని పట్టుకుని! మీ తాత తలొంచుకుని, "ఇంజను లాగలేదమ్మా, డొక్కుబండి" అన్నాడు.

సాయంత్రానికి షోకేసులోకి బొమ్మలు మళ్ళీ ఎక్కీసాయి. ఎవులడిగినా అదే మాట, ఇంజను లాగలేదని. నానూ ఎక్కిరించాను, సచ్చేదాకా ఎక్కిరించాను, నవ్వీసేవోడు. మీ అమ్మ ఇప్పటికీ నవ్వుతాది గదా, మా నాన్న డొక్కుబండి అని? నవ్వనీ. ఆ పిచ్చి గుంటకి తెలీదు.

నాను ఆ మిట్ట కాడే ఉన్నానురా. బండి నన్ను దాటీసాక ఎనక నించి సూసాను. ఎర్ర లైటు ఎలిగింది. ఇంజను లాగకపోతే ఎర్ర లైటెందుకెలుగుతాది? బ్రేకు మీద కాలేత్తేనే ఎలుగుతాది.

...

ఏటలా సూత్తావ్? టీ తాగు, సల్లారిపోతంది. ఆ ఇనుం వోడికి సెప్పు, ఎనకాల లైటు మట్టుకు పీకి ఇక్కడెట్టీసి ఎల్లమని.