సున్నం పట్టిన కడ్డీ

మెకానిక్ అత్తగారి గది గీజరు విప్పి, లోపలి కడ్డీని పాత పేపరు మీద ఉంచి, కొత్తది తేవడానికి వెళ్ళాడు. స్నానాలగది గుమ్మంలో అత్తాకోడళ్ళు మిగిలారు.

“చూశారా అత్తయ్యా, కడ్డీ చుట్టూ వేలి మందాన సున్నం! మన కుళాయి నీళ్ళలోదేనట. ఇంత పెంకు కట్టాక నీళ్ళెలా కాగుతాయి?”

“అంటే, స్విచ్ నేను ముందే వేసి ఉంటానా?”

“వేసే ఉంటారు. అదేం అనుమానం?”

“రోజూ లేవగానే వేశాననే గుర్తు. తీరా పోసుకోబోతే నీళ్ళు చల్లగానే ఉండేవి. అప్పుడే వేసి, ఎప్పుడో వేశానని భ్రమపడుతున్నానేమో అనుకున్నాను.”

“చన్నీళ్ళు ఒంటికి మంచివని మా అందరికీ పాఠం చెప్పింది అందుకా?”

“మరేం చెప్పను, నాకు మతి తప్పుతోందనా? మా అమ్మకూ ఇలాగే మొదలైంది. ఆఖరికి నన్నే ‘ఎవరమ్మా నువ్వు’ అని అడిగింది.”

“నాతో ఒక్క మాట అనకపోయారా!”

“నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం. నిన్ను పిలవాలన్నా ముందు నీ పేరు మనసులో అనుకుని, సరిచూసుకుని, అప్పుడు పిలిచేదాన్ని.”

“అందుకా వంటింటి గుమ్మంలో నిలబడి కాసేపు నన్నే చూసేవారు? నేనేం తప్పు చేశానా అని హడలి చచ్చాను. నా మీద కోపమనుకున్నాను.”

పెద్దావిడ గుండె నిండా గాలి పీల్చుకుని, మెల్లగా వదిలింది.

“కోపం ఉందిలేవే. అదొక్కటీ ఏనాడూ మరిచిపోలేదు.”