తాజుద్దీన్ నూలు ముక్కలు

ఏంది బిడ్డా నవ్యా, రేపటి అడివి పయనానికి గీ నూలు ముక్కలెందుకు తాతా, అందరి చేతుల ఫోన్లున్నయి గదా అంటున్నవా? కూసో, చెప్త. చాయ్ పట్టుకో. గీ అడివి సంఘం పెట్టింది తాజుద్దీన్. మన సిరిసిల్లల కరెంటు మీద బట్ట నేసే సాంచెలు చెడిపోతే బాగుచేసే మిస్త్రీ. మీ అమ్మ గప్పుడు బడికి పోతుండె. సాంచెలు బందైనయి చూడు, కొంతమంది బొంబాయి దిక్కు భివండి పోయిరి, కొంతమంది దుబాయి పోయిరి, మిగిలినోళ్లు పని లేక ఇంటి గల్మల కూసునిరి. గసొంటప్పుడు గీయన, నెలకోపారి గోదారి దాటి జన్నారం అడివిలకు పోదాం, మనిషన్నోడు లేని జాగకు, అన్నడు. అందరు నవ్విరి. ఆయన భార్య వహీదాబీ నడుము మీద చేతులు పెట్టి, "డబ్బాల బియ్యం లెవ్వు, గీయన లోకానికి లేళ్లను చూపిస్తడట" అని వాడకట్టంత ఇనేటట్టు అన్నది. ఇంటడా? మొండోడు. మెట్‌పల్లి పసుపు సేటును అడిగి డీసీఎం బండి తెచ్చిండు. ఎవ్వలకు జీతం లేదు, అన్నం ఒకలు వండుడు, బండి ఒకలు నడుపుడు. బావమర్ది మస్కట్ నుంచి వీసా పంపితే గది గూడ వాపసు పంపిండు. నేను పోతే వీళ్లను ఎవలు తోల్కపోతరు అన్నడు.

మొదటిసారి అడివిల బండి ఆపంగనే సప్పుడు లేదు, ఏం లేదు. సాంచె నడిపే భూమన్న ఉలిక్కిపడి "కరెంటు పోయిందిరో" అన్నడట. గదే మొదలు, మళ్ల నవ్వుడు. సరే, వాపసు రమ్మని విజిల్ ఊదితే సగంమందికి ఇనబడలే. సాంచెల మోతకు చెవులు పోయినయి గదా. ఒకాయన లోపల్నే ఉండిపోతే పొద్దుమూకి దొరికిండు. గప్పుడు తాజుద్దీన్ గీ నూలు ముక్కల పద్ధతి పెట్టిండు. పోయేటప్పుడు తొవ్వ పొంటి చెట్లకు కట్టుడు, వచ్చేటప్పుడు ఆఖరు మనిషి విప్పుకుంట వచ్చుడు. అన్ని ముక్కలు చేతికొస్తేనే బండి కదులుతది. మావోళ్లేం చేసిండ్రంటే, సాంచె మీద తెగిన పోగుకు ఏసినట్టే బిర్రుగ ముళ్లేసిండ్రు. విప్పబోతే గోర్లు లేచినయి.

ఇగ నా ముచ్చట. దుబాయి పోయిన, ఆర్నెల్లకే కంపెనీ మూసి వాపసు పంపిండ్రు. ఇంట్ల మొకమెత్తలేకపోయిన, ఎవలతోని మాట లేదు. తాజుద్దీన్ నన్ను గుంజుకపోయి ఆఖరు మనిషిని చేసిండు. వాపసొచ్చేటప్పుడు అందరు ముంగటికి పోయిండ్రు, నేను వాగు కాడ కూసున్న. ఇగ రాను అనుకున్న. ఆ, గదే బిడ్డా, సచ్చిపోదామనే కూసున్న. గని చేతుల ముక్కలున్నయి, ముంగట చెట్టుకు ఇంకోటి కనబడ్తుంది. గివి పోకుంటే ముప్పైమంది ఆకలితోని రోడ్డు మీదనే ఉంటరు. ఇచ్చేసి వద్దాం తీయి అనుకున్న. గా ముడి విప్పిన. అవతల ఇంకోటి కనబడె. గట్ల ఒక్కొక్కటి విప్పుకుంట విప్పుకుంట రోడ్డెక్కిన.

తాజుద్దీన్ ముక్కలు లెక్కవెట్టిండు. "ఒకటి తక్కువుంది దుర్గయ్యా. నడువు, ఇద్దరం దేవులాడుదాం." మళ్ల వాగు దాకా నడిచినం. పోంగ పోంగ నా నోరు తెరుసుకున్నది. అంత చెప్పిన, చిన్నపోరని లెక్క ఏడ్చిన. ఆయన ఇన్నడు. ఆఖరికి ఒక్కటే అన్నడు, "వచ్చే నెల గూడ ఆఖరు నువ్వే." నూలు ముక్క దొరకలే. ఇగ పా, చాల్తీయి అన్నడు. బండెక్కుతుంటే చూసిన, ఆయన అంగీ జేబులకెల్లి తెల్లటి నూలు ఏలాడుతుంది. బండి కదిలింది.

ఆయన పోయి పద్దెనిమిదేండ్లాయె. సంఘాన్ని మాత్రం నేను బందు పెట్టలే, పెట్టనియ్య. ఇగ మోకాళ్లు పోయినయి, రేపు నువ్వే తోల్కపోవాలె. మొన్న సౌదీ నుంచి వాపసొచ్చిన మహిపాల్, ఎవలతోని మాట్లాడుతలేడు అన్నవు గదా? ఆయన్ను ఆఖర్కు పెట్టు. రోడ్డు మీదికొచ్చినంక ముక్కలు లెక్కవెట్టు. అవి లెక్కవెట్టే ముంగట ఒకటి నీ జేబుల...

చాయ్ సల్లారింది, తాగు.